కొత్త గృహ సముదాయాలలో ఆహార పంటలకు చోటు: ప్లాను దశలోనే తేల్చవలసిన లెక్కలు

హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు విస్తారంగా ఉండేవి. ఆ ఎర్ర చెల్కలలోనే వంగ, టమాట, ఆకుకూరలు పండి తెల్లవారకముందే నగర మార్కెట్లకు చేరేవి. నేడు ఆ భూములలో చాలా భాగం లేఅవుట్లుగా, బహుళ అంతస్తుల గృహ సముదాయాలుగా మారింది. అంతకుముందు తరంలో నగరం లోపలి తోటలకూ ఇదే జరిగింది. బషీర్‌బాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి అనే పేర్లలో తోట నిలిచింది గాని నేల మీద నిలవలేదు.

తెలుగు ఇంటికి పెరడు అలంకారం కాదు, వంటింటికి కొనసాగింపు. స్నానాల గది నీరు పారే చోట అరటి, బావి గట్టున కరివేపాకు, గోడ వెంబడి బచ్చలి తీగ, వాకిట పందిరి మీద చిక్కుడు లేదా సొర, మూలన ఒక మునగ. ఈ అమరికలో నీటి పునర్వినియోగం, వంటింటి చెత్త ఎరువుగా మారడం, రోజూ కొంత తాజా కూర లభించడం ఎవరూ బోధించకుండానే జరిగిపోయేవి. అపార్ట్‌మెంటులోకి మారిన కుటుంబం ఈ మూడింటినీ ఒకేసారి కోల్పోతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికే మిద్దెతోటలు ఇంతగా వ్యాపించాయి. ఉద్యాన శాఖలు రాయితీపై కిట్లు ఇచ్చాయి, విశ్వవిద్యాలయాలు శిక్షణలు నిర్వహించాయి, ఔత్సాహికులు తమ అనుభవాలను పంచుకున్నారు. అయితే ఈ కృషి అంతా కట్టడం పూర్తయిన తరువాత, మిగిలిన చోటులో ఏం చేయవచ్చు అన్న ప్రశ్నతోనే మొదలవుతున్నది. ఎండ, బరువు, నీరు, మట్టి, హక్కు అనే ఐదు విషయాలూ అప్పటికే తేలిపోయి ఉంటాయి. వాటిని తేల్చినది సాగు చేసేవారు కాదు, భవనం ప్లాను గీసినవారు. కాబట్టి కొత్త సముదాయాలలో ఆహార పంటలకు చోటు అన్నది ప్రధానంగా ప్లాను దశకు చెందిన విషయం.

ఇతర దేశాలలో ఈ ఆలోచన కొత్తది కాదు. ఎబనేజర్ హోవార్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాన నగరం నమూనాలో ఇళ్లకు తోటలు, ఊరి చుట్టూ వ్యవసాయ భూమి అంతర్భాగాలు. దాని ప్రకారం ఇంగ్లండులో లెచ్‌వర్త్ నిర్మాణం 1903లో మొదలైంది. 1908 నాటి బ్రిటిష్ చట్టం, ప్రజలు కోరినప్పుడు సాగుకు చిన్న మడులు సమకూర్చే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచింది. అక్కడ ఒక పూర్తి మడి పరిమాణం సుమారు 250 చదరపు మీటర్లు. అంటే హైదరాబాదులో ఒక మంచి ఇంటి స్థలమంత! ఆ కొలత ఇక్కడ పనికిరాదు. కాలిఫోర్నియాలోని డేవిస్ పట్టణంలో 1970లలో రూపుదిద్దుకున్న విలేజ్ హోమ్స్ నుంచి నేర్చుకోవలసినది ఎక్కువ ఉంది. రెండు వందలకు పైగా ఇళ్లున్న ఆ కాలనీలో వీధుల వెడల్పు తగ్గించి, వాననీటిని పైపులలో కాక పైకి కనిపించే లోతులేని కాలువలలో పారించి, అలా మిగిలిన నేలను పండ్ల చెట్లకు, కూరగాయల మడులకు, బాదం తోటకు కేటాయించారు. తోట కోసం వారు విడిగా భూమి కొనలేదు. రోడ్లు, మురుగు కాలువల లెక్కలోంచి తీశారు. సింగపూర్‌లో 2017లో వినియోగంలోకి వచ్చిన కంపుంగ్ అడ్మిరాల్టీ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పై అంతస్తున నివాసుల సాగుకు స్థలం మొదటి నుంచీ డిజైనులోనే ఉంది. స్థలం ఇరుకైన నగరానికి ఈ రెండో ఉదాహరణ దగ్గరిది.

ఎంత చోటుకు ఎంత కూర

మిద్దెతోట కుటుంబానికి కావలసిన కూరగాయలన్నీ ఇస్తుందన్న మాట తరచు వినిపిస్తుంది. లెక్క అలా చెప్పదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కిలోకేలరీల ఆహారంలో ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలి. నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోలు, ఏడాదికి 580 కిలోలు దాటుతుంది. చదరపు మీటరుకు ఏడాదిలో సగటున 6 కిలోల కూరగాయలు తీయగలిగితే అది మంచి సాగే. ఆ లెక్కన దాదాపు 100 చదరపు మీటర్ల మడులు కావాలి. ఏ అపార్ట్‌మెంటులోనూ ఒక ఇంటికి అంత చోటు రాదు.

లక్ష్యాన్ని ఆకుకూరలకు, కొద్దిపాటి తీగజాతి కూరలకు పరిమితం చేస్తే చిత్రం మారుతుంది. తోటకూర విత్తిన నెల రోజులకు చదరపు మీటరుకు ఒక కిలో వరకు వస్తుంది. ఏడాదికి ఎనిమిది విడతలు తీసినా ఇంటికి 5 చదరపు మీటర్ల మడి నుంచి 40 కిలోలు, అంటే రోజుకు 110 గ్రాములు. నలుగురికి తలా 100 గ్రాముల ఆకుకూర అవసరమనుకుంటే అందులో ఇది నాలుగో వంతుకు పైమాటే. కోసిన గంటలో వండగలగడం, పిల్లలు మొక్కను చూసి తినడం, మురుగునీటితో పండిన ఆకుకూర అన్న భయం లేకపోవడం ఈ లెక్కలో చేరని లాభాలు. ఇంటికి 5 చదరపు మీటర్లు అన్నది ప్లాను వేసేవారు గుర్తుంచుకోవలసిన సంఖ్య.

ఈ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? ఉదాహరణకు రెండెకరాల స్థలంలో 200 ఫ్లాట్ల సముదాయాన్ని ఊహించవచ్చు. రెండెకరాలంటే సుమారు 8,090 చదరపు మీటర్లు. తెలంగాణలో అమలులో ఉన్న 2012 భవన నియమాలు (జి.ఓ. 168) సామూహిక గృహ నిర్మాణాలలో చుట్టూ వదలవలసిన ఖాళీకి అదనంగా స్థలంలో 10 శాతాన్ని వ్యవస్థీకృత ఖాళీ స్థలంగా కేటాయించాలని కోరుతున్నాయి. అంటే 809 చదరపు మీటర్లు. పిల్లల ఆటస్థలం, పచ్చిక, కూర్చునే చోటు పోగా అందులో పావు వంతు పంటకు దక్కితే ఫ్లాటుకు ఒక చదరపు మీటరు. మిగిలినది పైకప్పుల నుంచే రావాలి. స్థలంలో 35 శాతం మేర భవనాలు పరుచుకుంటే కప్పుల వైశాల్యం 2,800 చదరపు మీటర్లు దాటుతుంది. నీటి ట్యాంకులు, లిఫ్టు గదులు, సౌర ఫలకాలు, నడకదారులు పోను మూడో వంతు మిగిలినా ఫ్లాటుకు మరో నాలుగున్నర చదరపు మీటర్లు. రెండూ కలిస్తే లక్ష్యం అందుతుంది, కాని పెద్దగా మిగులు లేకుండా.

ఇక్కడొక చేదు నిజం ఉంది. హైదరాబాదులో స్థల వైశాల్యానికి ఇంత నిర్మాణమే చేయాలన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, వదిలే ఖాళీలు తగినంత ఉంటే భవనం ఎంతైనా లేవవచ్చు. అదే రెండెకరాలలో 200కు బదులు 500 ఫ్లాట్లు వస్తే కప్పు వైశాల్యం పెరగదు, ఖాళీ స్థలం పెరగదు. ఫ్లాటుకు దక్కే మడి మాత్రం రెండు చదరపు మీటర్ల దగ్గరకు పడిపోతుంది. ముప్పై అంతస్తుల భవనానికి మిద్దెతోట బొమ్మ వేసి అమ్మే కరపత్రాలను కొనుగోలుదారులు ఈ భాగహారం చేసి చదవడం మంచిది.

ఎండ

ఆకుకూరలకు రోజుకు కనీసం నాలుగు గంటలు, కాయజాతి కూరలకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా ఎండ కావాలి. ఎరువుతో, నీటితో ఈ లోటు తీరదు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు భవనం నీడ దాని ఎత్తులో 86 శాతం పొడవున ఉత్తరానికి పడుతుంది. 30 మీటర్ల భవనానికి 26 మీటర్ల నీడ. అంత ఎత్తుకు ఉత్తరాన వదిలే ఖాళీ అందులో సగం కూడా ఉండదు కాబట్టి ఆ పట్టీ చలికాలమంతా నీడలోనే గడుపుతుంది. టమాట, క్యాబేజి, క్యారెట్, పాలకూర, మెంతి బాగా వచ్చే కాలం సరిగ్గా అదే. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళతాడు కనుక అప్పుడు ఆ పట్టీ ఎండగా కనిపిస్తుంది. వేసవిలో స్థలం చూసి మడి నిర్ణయించినవారు జనవరిలో ఎర్రబారని టమాటలను చూసి విత్తనాన్ని నిందించడం కద్దు.

కాబట్టి ప్లాను మీద తోట గుర్తించే ముందు డిసెంబరు నెల ఉదయం 10, మధ్యాహ్నం 12, 2 గంటల నీడలను గీయించాలి. వాస్తుశిల్పులు వాడే సాఫ్ట్‌వేరులో ఇది కొద్ది నిమిషాల పని. ఈ చిత్రం గీసిన తరువాత తోట చాలావరకు దక్షిణం, తూర్పు అంచులకు లేదా తక్కువ ఎత్తున్న కప్పులకు చేరుతుంది. సముదాయంలో క్లబ్బు హౌసు, బహుళ అంతస్తుల పార్కింగు వంటి కట్టడాలు రెండు మూడు అంతస్తులే ఉంటాయి. పెద్ద బ్లాకులకు దక్షిణాన వాటిని ఉంచితే ఆ కప్పులు తోటకు అన్నింటికంటే అనువైనవి. ముప్పయ్యో అంతస్తు పైకప్పు మీద ఎండకు కొదవ లేదు గాని, గాలి ఉధృతికి పందిళ్లు నిలవవు, మట్టి త్వరగా ఆరిపోతుంది, మార్చి నుంచి మే వరకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ వేయాలంటే దాన్ని నిలబెట్టడమే ఒక ఇంజనీరింగ్ సమస్య.

శ్లాబు మోసే బరువు

మిద్దెతోట విషయంలో ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండవ భాగం ప్రకారం మనుషులు తిరిగే చదునైన పైకప్పును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల, అంటే సుమారు 150 కిలోల, అదనపు భారానికి డిజైను చేస్తారు. నీటితో నిండిన మామూలు ఎర్రమట్టి ఘనపు మీటరుకు 1,800 కిలోలకు తగ్గదు. అడుగు లోతున, అంటే 30 సెంటీమీటర్లు, ఆ మట్టి పరిస్తే చదరపు మీటరుకు 540 కిలోలు. కప్పు డిజైను భారానికి మూడున్నర రెట్లు! ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు సమపాళ్లలో కలిపిన మిశ్రమం తేలికైనదే. తడిసినప్పుడు ఘనపు మీటరుకు 1,000 నుంచి 1,200 కిలోలు ఉంటుంది. 20 సెంటీమీటర్ల లోతున దాని భారం 200 నుంచి 240 కిలోలు. ఇదీ పరిమితిని మించినదే.

అయినా వేలాది ఇళ్ల మీద తోటలు నిలిచి ఉన్నాయి గదా అన్న ప్రశ్న సహజం. కుండీల మధ్య నడకదారి వదిలినప్పుడు మట్టి కప్పేది కప్పులో సగమే కనుక సగటు భారం 100 నుంచి 120 కిలోలకు తగ్గుతుంది. తోట చేసేవారు బరువైన తొట్లను గోడలు, దూలాలు ఉన్న చోట పెట్టుకుంటారు. డిజైనులో కొంత భద్రతా అంశం ఉంటుంది. ఒక కుటుంబం జాగ్రత్తగా పెంచే తోటకు ఇది సరిపోవచ్చు. ఇరవై కుటుంబాలు పంచుకునే మడులకు, పదిమంది ఒకేసారి నిలబడి కోత కోసే చోటుకు భద్రతా అంశాన్ని ఖర్చుపెట్టడం ప్రమాదం. సామూహిక తోటకు ఉద్దేశించిన కప్పును చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోల భారానికి ముందే డిజైను చేయాలి. నిమ్మ, జామ, కరివేపాకు వంటి చెట్లకు 60 నుంచి 90 సెంటీమీటర్ల మట్టి కావాలి కనుక వాటికి ప్రత్యేక లెక్క అవసరం; సాధారణంగా సెల్లారు మీది పోడియం శ్లాబు అందుకు తగిన చోటు. కాంక్రీటు పోయకముందు ఇది కొంత అదనపు ఇనుము, కొంత అదనపు మందం. పోసిన తరువాత ఎంత ఖర్చు పెట్టినా తృప్తికరంగా సాధ్యం కానిది.

నీరు దిగడం దీనికి జంట సమస్య. మామూలు కప్పుకు వేసే జలనిరోధక పూత మొక్కల వేళ్లను, ఎప్పుడూ ఉండే తేమను ఉద్దేశించి వేసింది కాదు. తోట కప్పుకు జలనిరోధక పొర, దానిపై వేరు చొరబడని పొర, ఆపైన నీరు పారే పొర, మట్టిని ఆపే వడపోత బట్ట వరుసగా రావాలి. కప్పుకు నీటి గొట్టాల వైపు నూటికి ఒక వంతు వాలు ఉండాలి. పొరలు వేశాక మట్టి నింపకముందే రెండు మూడు రోజులు నీరు నిలిపి పరీక్షించాలి. ఇందులో చట్టపరమైన చిక్కు కూడా ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాలను బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. కాని నివాసులు తరువాత సొంతంగా మడులు కట్టి, కింది ఫ్లాటులో నీరు కారితే లోపం ఎవరిదన్న వివాదం తప్పదు. మిద్దెతోటలు మూతపడటానికి పురుగుల కంటే కింది ఫ్లాటువారి ఫిర్యాదులే పెద్ద కారణం కావడం ఆశ్చర్యం కాదు. తోట ఆమోదిత డిజైనులో భాగమైతే ఆ వివాదానికి తావు తగ్గుతుంది.

చిన్నదిగా కనిపించే మరో విషయం లిఫ్టు. చాలా భవనాలలో లిఫ్టు పై అంతస్తు వరకే వెళుతుంది. అక్కడి నుంచి కప్పుకు మెట్లే. యాభై కిలోల ఎరువు బస్తా మెట్ల మీదుగా మోయవలసి వచ్చిన తోట, వయసు మళ్లినవారు ఎక్కలేని తోట రెండో ఏటికి ఎండిపోతుంది. తోట చేయడానికి తీరిక, ఆసక్తి ఎక్కువగా ఉండేది ఆ పెద్దలకే.

తవ్వకంలో పోయే పైమట్టి

సెల్లారు తవ్వినప్పుడు మొదట లేచేది 15 నుంచి 20 సెంటీమీటర్ల పైమట్టి. పొలంగా ఉన్న నేలలో సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు నిలిచేది ఆ పొరలోనే. అది మొరంతో, రాళ్లతో కలిసి లారీలలో వెళ్లిపోతుంది. పని పూర్తయ్యాక భవనం చుట్టూ నింపేది ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, సున్నం కలిసిన శిథిలాలు. పైన పలుచగా ఎర్రమట్టి, దానిపై పచ్చిక చాప. చూడటానికి పచ్చగానే ఉంటుంది. అందులో బెండ, చిక్కుడు వేస్తే లేత ఆకులు ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగిలి పసుపు పచ్చబడతాయి. సిమెంటు, సున్నం వల్ల నేల క్షారత పెరిగి ఇనుము, జింకు మొక్కకు అందకపోవడం ఇందుకు కారణం. ఫెర్రస్ సల్ఫేటు పిచికారీతో తాత్కాలికంగా ఆకు రంగు తేరుకుంటుంది గాని నేల మారదు.

తవ్వకానికి ముందే పైమట్టిని తీసి, రెండు మీటర్లకు మించని కుప్పగా స్థలంలో ఒక మూల నిల్వచేసి, జనుము లేదా జీలుగ చల్లి కాపాడితే ఈ సమస్య చాలావరకు ఉండదు. రెండెకరాలలో సగం మేర 15 సెంటీమీటర్ల పొర తీసినా 600 ఘనపు మీటర్లు. పైన లెక్కించిన తోట మొత్తానికి, పోడియం చెట్లకు కలిపి ఇది సరిపోతుంది. పాత పరిశ్రమల స్థలం, రద్దీ రహదారి అంచు, పాత గ్యారేజీ ఉన్న నేల అయితే సీసం, కాడ్మియం పరీక్ష చేయించకుండా ఆకుకూరలు వేయరాదు.

నీరు, ఎరువు

అపార్ట్‌మెంటు సంఘాలు కూరగాయల తోటను కాదనడానికి చెప్పే మొదటి కారణం నీరు. హైదరాబాదు మే నెల ఎండలో కూరగాయల మడికి రోజుకు చదరపు మీటరుకు 6 నుంచి 8 లీటర్లు కావాలి. చలికాలంలో అందులో సగం చాలు. అదే మే నెలలో పచ్చిక కూడా ఇంచుమించు అంతే తాగుతుంది. పచ్చికకు నీరు ఉన్న సముదాయంలో తోటకు నీరు లేదనడం నీటి లెక్క కాదు, ఇష్టాయిష్టాల లెక్క.

పై ఉదాహరణలోని 200 ఫ్లాట్లలో ఎనిమిది వందల మంది ఉంటే, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం చొప్పున 1,08,000 లీటర్లు వాడతారు. అందులో 80 శాతం మురుగునీరుగా శుద్ధి కేంద్రానికి చేరుతుంది: సుమారు 86,000 లీటర్లు. వెయ్యి చదరపు మీటర్ల తోటకు మే నెలలో కావలసినది 7,000 లీటర్లు. శుద్ధి చేసిన నీరు చాలినంత ఉంది. ఎక్కడ వాడాలన్నదే ప్రశ్న. ఆ నీటిలో లవణాలు, సూక్ష్మజీవులు మిగులుతాయి. పండ్ల చెట్లకు, పందిరి మీద కాసే సొర, బీర, కాకరలకు డ్రిప్పు ద్వారా, మట్టిపై ఎండుటాకులు కప్పి ఇవ్వవచ్చు. కొత్తిమీర, పుదీన, ముల్లంగి, క్యారెట్ వంటి పచ్చిగా తినేవాటికి ఇవ్వరాదు. వాటికి నిల్వచేసిన వాననీరు లేదా మంచినీటి గొట్టం వేరుగా ఉండాలి. అంటే తోటకు రెండు నీటి గొట్టాలు, రెండు రంగులలో, గోడలు కట్టేటప్పుడే పడాలి. ఫ్రెంచి చిక్కుడు ఉప్పును ఓర్చుకోదు. పాలకూర, బీట్‌రూట్ కొంతవరకు ఓర్చుకుంటాయి. నీటి శుద్ధి యంత్రాలు వదిలే వ్యర్థపు నీటిని కుండీలకు పోసే అలవాటు మంచిది కాదు, లవణాలు పేరుకుంటాయి.

ఎరువు లెక్క ఇంకా చక్కగా కుదురుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ సముదాయాలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టుగా గాని బయోగ్యాసుగా గాని మార్చాలని కోరాయి. ఇంటికి అరకిలో తడి చెత్త వచ్చినా 200 ఇళ్లకు రోజుకు క్వింటాలు. అందులో నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ కంపోస్టుగా మిగిలితే ఏడాదికి సుమారు 8 టన్నులు. వెయ్యి చదరపు మీటర్ల మడులకు పంటకు 4 కిలోల చొప్పున రెండు పంటలకు వేస్తే 8 టన్నులు. కంపోస్టు యంత్రం కొని, తయారైన ఎరువును ఏం చేయాలో తెలియక బస్తాలలో పేర్చిపెట్టే సముదాయాలకు ఈ తోటే జవాబు.

పెంపకంలో పాటించవలసినవి ఇతర తోటలవే గనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జూన్, జూలైలలో బెండ, గోరుచిక్కుడు, సొర, బీర, కాకర. జూలై, ఆగస్టులలో పందిరి చిక్కుడు. సెప్టెంబరు, అక్టోబరులలో టమాట, వంగ, క్యాబేజి, దుంపకూరలు. వేసవిలో షేడ్‌నెట్ కింద తోటకూర, గోంగూర, బచ్చలి. పిల్లలు తిరిగే చోటు కనుక రసాయన పురుగుమందులకు తావు లేదు. పసుపు రంగు జిగురు అట్టలు, 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చాలావరకు సరిపోతాయి. కుండీల కింది పళ్లేలలో నీరు నిలవనీయకూడదు. డెంగీ దోమ పుట్టేది అక్కడే. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది, కార్లు నిలిపే చోట నాటరాదు.

హక్కు ఎవరిది

రెరా చట్టం పైకప్పులను, పార్కులను, ఆటస్థలాలను ఉమ్మడి ప్రదేశాలుగా నిర్వచించింది. కొనుగోలుదారులలో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి లేకుండా ఆమోదిత ప్లానును, ఉమ్మడి ప్రదేశాలను బిల్డరు మార్చరాదు. ఈ నిబంధన తోటకు రక్ష. తోట ప్లానులో కొలతలతో, భార సామర్థ్యంతో, నీటి గొట్టాలతో సహా నమోదై ఉంటే తరువాత అది పార్కింగుగానో పార్టీ హాలుగానో మారడం కష్టం. ప్లానులో ‘ల్యాండ్‌స్కేప్’ అన్న ఒక్క మాటే ఉంటే దాని కింద పచ్చిక, ఈతచెట్లు, రాళ్ల గుట్ట ఏదైనా రావచ్చు. కరపత్రంలో సేంద్రియ తోట బొమ్మ ఉండి, స్వాధీనం నాటికి క్లబ్బు హౌసు పక్కన ఇరవై ప్లాస్టిక్ కుండీలు కనిపించడం అరుదేమీ కాదు. తప్పుడు ప్రకటనను నమ్మి నష్టపోయినవారికి అదే చట్టం పరిహారానికి అవకాశమిచ్చినా, తోట ఎంత ఉండాలో ఎక్కడా రాసి లేనప్పుడు నష్టాన్ని నిరూపించడం తేలిక కాదు.

చోటు దక్కాక పంపకం సమస్య వస్తుంది. ప్రతి ఫ్లాటుకూ మడి అన్న సూత్రం న్యాయంగా కనిపిస్తుంది గాని సగం మడులు కలుపుతో నిండుతాయి. ఆసక్తి ఉన్నవారు ఏటా జూన్‌కు ముందు పేరు నమోదు చేసుకోవడం, లాటరీ ద్వారా కేటాయింపు, రెండు నెలలు బీడుపెట్టిన మడి తిరిగి సంఘానికి చేరడం, పందిరి కూరలూ పండ్ల చెట్లూ ఉమ్మడిగా ఉండటం, వీటిని నియమావళిలో మొదటి సమావేశంలోనే చేర్చాలి. సముదాయానికి ఉన్న మాలిని తోటకు కూడా వాడుకుంటే అతనికి శిక్షణ, అదనపు వేతనం రెండూ ఇవ్వాలి. కోతలో వాటా ఇచ్చినా తప్పులేదు.

ఎక్కువ అవసరం ఉన్న చోట

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా ప్రైవేటు సముదాయాలకు వర్తిస్తుంది. కూర ధర పెరిగినప్పుడు పళ్లెంలో తేడా కనిపించేది వేరే ఇళ్లలో. కొల్లూరులో తెలంగాణ ప్రభుత్వం ఒకే చోట 15,660 రెండు పడకగదుల ఇళ్లు కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో పట్టణ పేదలకు 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను జి ప్లస్ త్రీ పద్ధతిలో నిర్మించింది. గుడిసె పక్కన బచ్చలి, కప్పు మీద సొరపాదు పాకించుకున్న కుటుంబాలు ఈ ఇళ్లకు వచ్చేటప్పుడు ఆ కాస్త చోటూ వదులుకొని వస్తాయి. అక్కడ బాల్కనీ బట్టలు ఆరవేసుకోవడానికే చాలదు.

నాలుగు అంతస్తుల బ్లాకు అసలు ఈ పనికి అన్నింటికంటే అనుకూలమైనది. దాని ఎత్తు 12 మీటర్ల దగ్గర ఉంటుంది. తూర్పు పడమరలుగా బారుగా కట్టిన రెండు బ్లాకుల మధ్య 15 మీటర్లు వదిలితే, హైదరాబాదు అక్షాంశం వద్ద డిసెంబరులో కూడా దక్షిణపు బ్లాకు నీడ ఉదయం పదింటికి, మధ్యాహ్నం రెండింటికి 11.6 మీటర్ల దూరమే చేరుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు పదిమీటర్లకు కొంచెం పైన ఆగుతుంది. విజయవాడ, విశాఖపట్నాలలో తేడా స్వల్పం. అంటే ఉత్తరపు బ్లాకు గోడ వెంబడి మూడు మీటర్ల పట్టీకి ఏడాదిలో అతి పొట్టి రోజున సైతం నాలుగు గంటల ఎండ ఖాయం. ఆకుకూరలకు అది చాలు. పట్టీ నేల మీదే ఉంటుంది కనుక శ్లాబు బరువు లెక్క లేదు, లిఫ్టు అక్కరలేదు, జలనిరోధక పొర ఖర్చు లేదు. 40 మీటర్ల పొడవున్న బ్లాకు ముందు ప్రవేశ ద్వారాలు, నడకదారి పోయినా ఎనభై చదరపు మీటర్లకు తగ్గకుండా మడులు వస్తాయి. ఇందుకు కావలసినవి మూడే: దారిని, ద్విచక్ర వాహనాల నిలుపుదలను నీడపడే దక్షిణపు వైపుకు జరపడం, తవ్విన పైమట్టిని ఆ పట్టీకే తిరిగి తెచ్చి పోయడం, ప్రతి బ్లాకు గోడకు ఒక నీటి కుళాయి. ఈ మూడూ టెండరు పత్రంలో రాయదగినవే.